జానెడు బోర్డుకు బేరం

విడిభాగాలు కొని చిన్న కంప్యూటర్ బిగించుకుందామని సికింద్రాబాద్‌లో ఓ దుకాణానికి వెళ్లి, జానెడైనా లేని మదర్‌బోర్డును అటూ ఇటూ తిప్పి చూశాను. కిరాణా కొట్టులో పెరిగినవాణ్ణి. వంక పెట్టకుండా సరుకు కొంటే మావాళ్లు వెలివేస్తారు.

"మెమరీకి రెండే స్లాట్లా? రేపు ఇంకేదన్నా పెట్టాలంటే చోటేదీ?" అన్నాను.

"ఇంట్ల ఎంతమంది వాడుతరన్నా?" అన్నాడు దుకాణదారు.

బేరం నిలవాలంటే నలుగురని అబద్ధం చెప్పాల్సింది. "నేనొక్కణ్ణే. ఇంకెవరూ లేరు" అనేశాను.

అతను నా మొహం చూసి, నేనడక్కుండానే ధర తగ్గించాడు. మా కొట్లో నాన్న అలా తగ్గించేది చావింటి నుంచి వచ్చినవాళ్లకే.

"వద్దు, ముందు చెప్పిన ధరే తీసుకో" అన్నాను.

"ఏందన్నా, ఉల్టా బేరం చేస్తున్నవ్?" అని నవ్వాడు.

బుద్ధెరిగాక ధర పెంచమని బేరమాడింది అదొక్కసారే. అందులోనూ ఓడిపోయి, తగ్గించిన ధరకే బోర్డు తెచ్చుకున్నాను.