మూడువందల ఆరు ఇళ్ల కొలత

మొన్న ఉదయం మా ఇంటి గోడ మీద ఒక ఎర్ర చుక్క వచ్చి నిలబడింది. వెంటనే చిన్న ‘బీప్’ చప్పుడు. పన్ను కోసం ఇళ్లు కొలవడానికి మున్సిపాలిటీ నుంచి ఒకావిడ వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయేమో. చేతిలో సబ్బుబిళ్లంత యంత్రం. ఒక గోడకు ఆనించి నొక్కితే ఎదుటి గోడ ఎంత దూరమో అదే చెప్పేస్తుంది. “పదకొండు పాయింట్ నాలుగు, ఆరు పాయింట్ అయిదు” అని ఆవిడ ఫోన్లో ఎక్కించేలోపు నా నోరు ఆగలేదు. “డెబ్బై నాలుగు పాయింట్ ఒకటి” అన్నాను. ఆవిడ తలెత్తి, “లెక్కల సారా అంకుల్ మీరు?” అంది. “కాదమ్మా, ఇంటర్ తప్పినోన్ని” అన్నాను. నవ్వుకుంటూ పక్కింటికి వెళ్లింది. ఆ బీప్ మాత్రం నా చెవిలో ఉండిపోయింది. మా కాలంలో ఆ పనికి ముప్పై మీటర్ల గుడ్డ టేపు ఉండేది. దాని ఒక కొస నేను పట్టుకుంటే రెండో కొస లక్ష్మీరాజం సార్ పట్టుకునేవాడు.

ఆయన మా మున్సిపాలిటీలో బిల్ కలెక్టర్. ఊరి పేరు రాయను. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల తెలిసినవాళ్లు వాటికి దగ్గరలో ఉన్న ఏదో ఒక పట్టణం అనుకుంటే చాలు. మగ్గాల చప్పుడు, బీడీ ఆకుల వాసన, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బుతో లేచే మేడలు అన్నిచోట్లా ఒకటే. సార్ సొంతూరు మల్లాపూర్. బక్కపలుచని మనిషి, జేబులో రెండు పెన్నులు, పాత మోపెడ్. నేను ముప్పైకి దగ్గర పడుతున్న వయసులో అవుట్‌సోర్సింగ్ కింద ఆయనకు సహాయకుడిగా చేరాను. మాది నేత ఇల్లు. పడుగులో పోగులు లెక్కబెట్టడం దగ్గర మొదలై వడ్డీలు, శాతాలు అన్నీ నాకు నేనే నేర్చుకున్నాను. లెక్కలో నన్ను మించినవాడు ఆఫీసులో లేడని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకమే తరవాత నన్ను ముంచింది.

పన్ను వసూలు చేయడమంటే తలుపు కొట్టి అడగడమే అనుకునేవాణ్ణి. సార్ పద్ధతి వేరు. మరమగ్గాలవాళ్లకు వారం కూలి శనివారం అందుతుంది కాబట్టి ఆ వాడకు శనివారం సాయంత్రమే వెళ్లేవాడు. బీడీలు చేసే ఆడవాళ్లకు కంపెనీ నెల డబ్బులు ఇచ్చిన మర్నాడు వాళ్ల గడపలు. గల్ఫ్ ఇళ్లకు నెల మొదటి వారం. ఏ ఇంట్లో పెళ్లి, ఏ ఇంట్లో ఆపరేషన్, అంతా ఆయన బుర్రలోనే. ముందు మంచినీళ్లు అడిగేవాడు, తరవాత క్షేమం, చివరికి పన్ను. ఒక బుధవారం నేను తొందరపడితే మోపెడ్ ఆపి అన్నాడు: “ఇయ్యాల పోతే మనకు ‘లేవు’ అనే మాట దొరుకుతది తమ్మీ. మనిషి ఒక్కపారి లేవన్నడనుకో, మళ్ల ఉన్నయి అననీకె సిగ్గుపడ్తడు. ఆయనతోని గా మాట మనమెందుకు అనిపియ్యాలె?”

బడ్జెట్ అంటే ఏమిటో కూడా ఆయనే చెప్పాడు. ఆఫీసు ముందు టీ కొట్టు దగ్గర నిలబడి నన్ను అడిగాడు. “మన ఊర్ల వంద రూపాయలు జమైతే కొత్త పనికి ఎంత చిక్కుతది, చెప్పు నీ లెక్క.” సగమైనా మిగులుతుందన్నాను. ఆయన వేళ్లు మడుస్తూ పోయాడు. వీధులు ఊడ్చేవాళ్లకు, నీళ్లు వదిలేవాళ్లకు జీతాలు నలభై ఎనిమిది. దీపాలకు, మోటార్లకు కరెంటు ఇరవై మూడు. చెత్త ట్రాక్టర్ల డీజిలు, రిపేర్లు పన్నెండు. బ్లీచింగు పొడి, బల్బులు, పాత బాకీలు తొమ్మిది. “ఇగ ఎంత?” “ఎనిమిది సార్.” “గా ఎనిమిది రూపాయల కోసమే మీటింగుల కుర్చీలు లేస్తయి. తొంభై రెండు ఎటు పోయినయని ఎవ్వలు అడుగరు. నువ్వు అడుగు.” ఆ రోజు నుంచి ఏ బడ్జెట్ కాగితం చూసినా నా కన్ను ముందు ఆ ఎనిమిదిని వెతుకుతుంది.

చేరిన రెండో ఏడాది ఇంటి పన్నులు సవరించాలని పైనుంచి ఆదేశం వచ్చింది. ప్రతి ఇల్లూ కొత్తగా కొలవాలి. నాకిచ్చిన వార్డులో నాలుగువందల పన్నెండు ఇళ్లు. గడువు నెల. నేను పది రోజుల్లో ముగించాను. ఆఫీసంతా శభాష్ అంది. ఎలా ముగించానో ఎవరూ అడగలేదు. నేత వాడల్లో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి, ఖాళీ జాగా ఉండదు. జాగా ఎంతో ఇల్లూ అంతే. కాబట్టి కాగితాలున్న ఇళ్లలో టేపు తీయలేదు, కాగితంలోని అంకె చూసి ఫారంలో దింపుకున్నాను. అలా మూడువందల ఆరు ఇళ్లు. కాగితాలు లేని నూట ఆరింటినే కొలిచాను. పెరిగిన పన్నులు బడ్జెట్లో జమ వైపు చేరాయి. వాటిని చూపించి మా వార్డుకు నూట ఇరవై అయిదు మీటర్ల సిమెంటు మోరి, అంటే మురుగు కాలువ, మీటరుకు వెయ్యి చొప్పున, ఖర్చు వైపు రాశారు. వానాకాలం మురుగు గడపెక్కే వార్డు అది. మోరి వస్తోందని తెలిసి జనం నాకు టీలు తాగించారు.

నోటీసులు పంచిన వారానికి రాజవ్వ ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి, బీడీలు చుట్టి వేళ్లు పసుపెక్కాయి. నోటీసు సార్ ముందు పెట్టింది.

“రాజం, గీ కాయితంల నా ఇల్లు పెరిగిందట. రోజు ఊడ్చేదాన్ని నేను. నాకు తెల్వకుంట ఎట్ల పెరిగింది?”

“నీ చీపురు అరిగిందేమో అవ్వా, అందుకే నీకు తెలుస్తలేదు.”

“చీపురు కొత్తదే. మీ లెక్కనే అరిగింది.”

అందరం నవ్వాం. సార్ నవ్వుతూనే టేపు తీసి నన్ను వెంటబెట్టుకుని ఆమె ఇంటికి వెళ్లాడు. ఎనిమిది మీటర్ల ఇరవై ఒక వైపు, ఎనిమిది మీటర్ల పదిహేను మరో వైపు. నా మనసు దానంతటదే గుణించింది: అరవై ఆరు పాయింట్ ఎనభై మూడు. నోటీసులో ఎనభై. తప్పు ఎక్కడుందో అప్పుడు తట్టింది. మా దగ్గర రిజిస్ట్రీ కాగితమైనా, మేస్త్రీ మాటైనా అంతా గజాల్లోనే. ఫారంలో అడిగింది చదరపు మీటర్లు. నేను గజాల అంకెను మీటర్ల గడిలో రాశాను, ఒకచోట కాదు, మూడువందల ఆరుచోట్ల. ప్రతి ఇల్లూ ఉన్నదానికంటే దాదాపు అయిదో వంతు పెద్దదైంది. పోగులు లెక్కబెట్టి పెరిగినవాడు చేసిన తప్పు అది.

సార్ టేపు చుట్టేశాడు. మోపెడ్ దగ్గరికి వచ్చాక “ఎందరికి ఇట్ల రాసినవు?” అన్నాడు. చెప్పాను. “ఏడాదికి ఎంత ఎక్కువైతది?” అదీ చెప్పాను, తొంభై వేలు. అప్పుడు నా భార్యకు ఏడో నెల. ఉద్యోగం పోతే ఎలా అన్నదొక్కటే తలలో తిరుగుతోంది. అందుకే ఒక తెలివైన మాట దొరికింది అనుకున్నాను.

“సార్, మోరి వాళ్ల వార్డుకే కద. ఎక్కువ పడ్డ పైసలు వాళ్ల మోరికే పోతయి. రాజవ్వ ఒక్కామెది దిద్దుదాం. మిగిలినోళ్లు అడిగితే అప్పుడు చూద్దాం.”

ఆయన మోపెడ్ స్టాండు వేశాడు. గొంతు పెంచలేదు.

“మోరి కోసం పైసలు కావాల్నంటే వాళ్లను అడిగి తీసుకో తమ్మీ. ఇస్తరో, తిడ్తరో, వాళ్ల ఇష్టం. కొలతల దాచి తీసుకోకు. అడిగితే పన్ను. దాస్తే అది ఇంకోటి.”

కమిషనర్ గది బయట నేను ఆయన్ను బతిమాలాను, నా బదులు మీరే చెప్పండని. “నేను చెప్తే నీ తప్పు నా నోట్లె ఉంటది. నువ్వే చెప్పాలె” అని తలుపు తోశాడు. లోపలికి వెళ్లాను. రెండుసార్లు దగ్గాను. చివరికి “తప్పు నాదే సార్” అన్నది ఎవరో అన్నట్టు వినిపించింది. కమిషనర్ మా ప్రాంతంవాడు కాదు, కోపిష్టి కాదు కానీ ఆ రోజు మండిపడ్డాడు. “బడ్జెట్ ఆమోదం అయిపోయింది. ఇప్పుడు జమ తగ్గిందని కౌన్సిల్‌కు నేనేం చెప్పాలి? ఇతన్ని ఇవాళే తీసేయండి” అన్నాడు. లక్ష్మీరాజం సార్ చేతులు కట్టుకుని నిదానంగా అన్నాడు: “తీసేసుడు ఒక నిమిషం పని సార్. ముందుగాల కొలవనియ్యిండ్రి. మూడువందల ఆరు ఇండ్లు ఎవ్వలు కొలుస్తరు మళ్ల?”

రోజుకు పదిహేను ఇళ్ల చొప్పున ఇరవై ఒక్క రోజులు పట్టింది. ప్రతి గడపలో నేనే ముందు చెప్పాలన్నది సార్ నియమం: నేను తప్పు రాశాను, మీ పన్ను తగ్గుతుంది, కట్టేసినవాళ్లకు వచ్చే ఆరు నెలల పన్నులో సర్దుతాం. కొందరు తిట్టారు. ఒకాయన “లెక్కల పులి అన్నరు, పిల్లివైతివి” అన్నాడు. మగ్గాల మధ్య టేపు లాగుతుంటే దూది మా మీద రాలేది. అయితే నేను ఊహించనిది ఒకటి జరిగింది. నిజంగా కొలిచేసరికి కాగితాల్లో లేనివి బయటపడ్డాయి. వెనకాల వేసుకున్న మగ్గం షెడ్లు, గల్ఫ్ డబ్బుతో లేచిన పై అంతస్తులు. దుబాయిలో భర్త ఉన్న ఒక ఇల్లాలు మెట్లకు అడ్డం నిలబడింది.

“అన్నా, మీరు తప్పు దిద్దుకోనీకె వచ్చిన్రా, తప్పు పట్టనీకె వచ్చిన్రా?”

“రెంటికి ఒకటే టేపు చెల్లె” అన్నాడు సార్. “రాజవ్వది తగ్గియ్యంగ నువ్వు చూసినవు. నీది పెరుగుతుంటె ఆమె చూడొద్దా?”

ఆమె పక్కకు జరిగింది. పైకి వెళ్లే ముందు టీ కూడా ఇచ్చింది, చక్కెర కొంచెం తక్కువ వేసి.

అలా కొత్తగా దొరికిన పన్ను అరవై ఒక్క వేలు. తొంభైలో అది పోతే ఇరవై తొమ్మిది వేలు లోటు. మోరి అంతమేరకు ఆగుతుందని కమిషనర్ తేల్చేశాడు. సార్ ఒక ఆదివారం వార్డు జనాన్ని కమ్యూనిటీ హాలుకు పిలిచి, ఏదీ దాచకుండా లోటు చెప్పి, నన్ను లేపాడు. ఇంటికి డెబ్బై రూపాయలు వేసుకుంటే సరిపోతుందని చెప్పాను. “తప్పు నీది, డెబ్బై మాదా?” అని వెనక నుంచి ఎవరో అరిచారు. రాజవ్వ లేచి, “మోరి మనది గదరా” అని కొంగు ముడి విప్పింది. రెండువందల డెబ్బై ఒక్క ఇళ్లవాళ్లు ఇచ్చారు, ప్రతి ఒక్కరికీ రసీదు రాశాను. నూట నలభై ఒక్కరు ఇవ్వలేదు. ఇవ్వనివాళ్ల పేర్లు ఎక్కడైనా రాసుకుంటే సార్ ఊరుకోడని తెలిసి రాసుకోలేదు. మోరి పది మీటర్లు కురచగా ముగిసింది. ఆ ఏడాది వానలకు ఆ చివరి రెండు ఇళ్ల ముందు నీళ్లు నిలిచాయి. నేను నా జేబు డబ్బుతో మొరం తెచ్చి పోయించాను. మరుసటి ఏడాది బడ్జెట్లో ఆ పది మీటర్లు అన్నిటికంటే ముందు రాయించాడు సార్.

నన్ను తీసేసే కాగితం టైపయింది. సంతకం కాకముందే కమిషనర్‌కు బదిలీ అయింది. తరవాత వచ్చినాయన ముందు అది ఎవరూ పెట్టలేదు. ఇంకో ఆరేళ్లు అక్కడే పనిచేశాను. సార్ రిటైరయి మల్లాపూర్‌లో రెండెకరాల పసుపు పెట్టుకున్నాడు. వెళ్లినప్పుడల్లా మడులు చూపించి ఎన్ని కొమ్ములొస్తాయో అంచనా వేయమనేవాడు, తవ్విన తరవాత ఫోన్ చేసి నేనెంత తప్పానో చెప్పేవాడు. రెండేళ్ల కింద, పంట తీసిన వారానికి, నిద్రలోనే పోయాడు. తృప్తిగా బతికిన మనిషి. ఆయన గురించి ఏడుపుతో రాయాలని నాకు లేదు.

ఇప్పుడు నేను సిరిసిల్లలో నాలుగు మరమగ్గాల షెడ్లకు లెక్కలు రాస్తున్నాను. మీటర్ల మీద కూలి కాబట్టి నా అంకె తప్పితే ఒక మనిషి వారం కూలి తప్పుతుంది. గత నెల ఒక షెడ్డులో ఇద్దరి గుడ్డ పొడుగు తారుమారుగా ఎక్కించాను. యజమాని నెమ్మదిగా, “వచ్చే వారం సర్దుదాం, ఇప్పుడు చెప్తె లొల్లి అయితది” అన్నాడు. నేను షెడ్డులోకి వెళ్లి మగ్గాలు ఆపమన్నాను. ఆ చప్పుడు ఆగేసరికి పన్నెండు మంది నా వైపు చూశారు. తప్పు నాదేనని చెప్పాను. ఈసారి దగ్గు రాలేదు. ఒకతను “సరే అన్నా, దిద్దు మరి” అన్నాడు. మగ్గాలు మళ్లీ మొదలయ్యాయి.