గౌరి కడుపు, రాజ్యలక్ష్మి గారి అనుమానం

ఈ పొద్దున మెట్లెక్కి వస్తుంటే పక్కింటి వంటగదిలోంచి చికెన్ ఉడుకుతున్న వాసన వచ్చింది. అల్లం లేదు, మసాలా లేదు, కారం అసలే లేదు. వట్టి నీళ్ళలో ఉడుకుతున్న మాంసం వాసన. గుంటూరులో అలాంటి వాసన వస్తే ఆ ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని అనుకుంటారు. నాకు మాత్రం ముందు పిల్లి గుర్తుకొస్తుంది. ఆ వెంటనే, పిల్లిని ఒళ్ళో పెట్టుకుని ప్రపంచాన్నంతా కళ్ళు చిట్లించి చూసే రాజ్యలక్ష్మి గారు గుర్తుకొస్తారు.

డిగ్రీ అయ్యాక నేను చేరిన మొదటి ఉద్యోగం ఒక కారం మిల్లులో. వచ్చిన సరుకు నాణ్యత చూసే విభాగానికి ఆవిడ పెద్ద. మిరపకాయలు కూరిన గోనె బస్తాని మా దగ్గర టిక్కీ అంటారు. ఎవరైనా టిక్కీ మూతి విప్పి చూపిస్తే ఆవిడ పైకాయల వంక చూసేవారే కాదు. చెయ్యి భుజం దాకా లోపలికి దింపి అడుగునున్న గుప్పెడు పైకి తీసేవారు. "పైన కాయ ఎప్పుడూ బాగానే ఉంటది సుజాతా. మనం చూడాలని పెట్టిన కాయ అది" అనేవారు. ఆ అనుమానం కాయలతో ఆగేది కాదు. టీ తెచ్చినతను ఎందుకు నవ్వాడు, లారీ డ్రైవరు ఎందుకు నవ్వలేదు, రెండూ ఆవిడకు ఆలోచించాల్సిన సంగతులే. ఒకసారి నేను జ్వరమని సెలవు పెడితే చిలకలూరిపేటలో ఉన్న మా అమ్మకు ఫోన్ చేసి, "మీ అమ్మాయికి నిజంగానే జ్వరమా అండీ?" అని అడిగారు. మా అమ్మ వారం పాటు ఆవిణ్ణి తిట్టుకుంది. నేను మాత్రం కొన్నాళ్ళకే ఆవిడలాగా తయారయ్యాను. కూరగాయల బండి దగ్గర కూడా అడుగు నుంచే ఏరుకునేదాన్ని.

ఆవిడ అనుమానించని ప్రాణి ఒక్కటే ఉండేది. దాని పేరు గౌరి. ఎలుకలు గోనెలు కొరికేస్తున్నాయని ఎవరో పట్టుకొచ్చి వదిలిన నారింజరంగు పిల్లికూన. చివరికి అది గోదాములో కాకుండా మా గదిలో, ఆవిడ కుర్చీ కిందే కాపురం పెట్టింది. రోజూ పొద్దున్నే ఆవిడ ఇంటి దగ్గర తన కళ్ళముందు పిండించిన గేదెపాలు చిన్న స్టీలు క్యానులో తెచ్చి దానికి పోసేవారు. ఈ ఊళ్ళో తను నమ్మేది ఆ పాలను మాత్రమే అనేవారు.

ఆ ఏడు పంట మార్కెట్టుకు వచ్చే రోజుల్లో గౌరికి కడుపు చెడింది. తిన్నది కక్కేది. విరేచనాలయ్యేవి. కుర్చీ కిందనుంచి బయటికి రావడం మానేసింది. ఆవిడ దాని మెడ మీద చర్మం పైకి లాగి వదిలితే, అది వెంటనే వెనక్కి పోకుండా ముడతలాగే నిలబడేది. "ఒంట్లో నీళ్ళు లేవు. ఎవరో ఏదో పెడుతున్నారు" అన్నారు.

ఎవరన్నదే ప్రశ్న. ఆ వారం మా గదిలోకి వచ్చిన ప్రతివాడి చేతులూ చూశాం. వాచ్‌మన్ కోటయ్య దానికి ఎండుచేపల తలకాయలు వేస్తాడని నేనే చెప్పాను. ఆవిడ నేరుగా గేటు దగ్గరికి వెళ్ళి, అతని గుడ్డసంచి తీసి బల్లమీద బోర్లించారు. అన్నం గిన్నె, తువ్వాలు, వాటితోపాటు ఎలుకల మందు పొట్లం పడ్డాయి.

"ఇదేంది కోటయ్యా?"

"ఇంటికండి. ధాన్యంలో ఎలకలు పడ్డాయి. ఇందాక వచ్చేటప్పుడు కొన్నా."

"ఇంటికైతే ఇక్కడికెందుకు వచ్చింది?"

కోటయ్య వస్తువులన్నీ ఒక్కొక్కటిగా సంచిలో సర్దుకుని, తాళాల గుత్తి బల్లమీద పెట్టాడు. "ఆ పిల్లి నా కాళ్ళ మీద పడుకునేదమ్మగారూ" అని మాత్రం అన్నాడు. మళ్ళీ పనిలోకి రాలేదు.

ఆ సాయంత్రమే గౌరిని పశువుల డాక్టరుకు చూపించాం. ఆయన పొట్ట నొక్కి చూసి, నీళ్ళు ఎక్కించి, "విషమైతే ఇన్నాళ్ళు ఇట్టా సాగదండీ. తినేదాంట్లోనే ఏదో పడట్లేదు. అన్నీ ఆపండి. ఉప్పూకారం లేని చికెన్ ఉడకబెట్టి కొంచెం కొంచెం పెట్టండి. మంచినీళ్ళు బాగా తాగనివ్వండి" అన్నారు. ఆవిడ బుద్ధిగా తలూపారు. బయటికొచ్చాక, "ఆయనకేం తెలుసు, మందు పొట్లం చూసింది మనం" అన్నారు. మర్నాటి నుంచి చికెన్ పెట్టారు, పాలు మాత్రం మానలేదు. పాలు తిండి కిందికి రావని ఆవిడ లెక్క. గౌరి తేరుకోలేదు.

అంతలో విజయవాడలో వాళ్ళ అక్కకు ఆపరేషన్ అని ఆవిడ వెళ్ళాల్సి వచ్చింది. పిల్లిని నాకు అప్పగించి, గదికి తాళం వేసుకోమని మరీ మరీ చెప్పారు. నేను డాక్టరు చెప్పినట్టే చేశాను. పాలు తెచ్చేవాళ్ళు లేరు కాబట్టి అవి ఆగిపోయాయి. గౌరి నెమ్మదిగా కక్కడం మానేసింది. తరువాత ఒళ్ళు నాక్కుంది. ఒకరోజు కిటికీ ఎక్కి కూర్చుంది.

తిరిగొచ్చిన ఆవిడ దాన్ని చూసి మురిసిపోయారు. "చూశావా? కోటయ్య పోయాడు, గౌరి బాగుపడింది. ఇంకేం రుజువు కావాలి?" అన్నారు. నాకూ అంతేననిపించింది. ఆ సంతోషంలో ఆవిడ గిన్నె నిండా పాలు పోశారు. గౌరి ఆత్రంగా తాగింది.

సాయంత్రానికి మళ్ళీ మొదలైంది.

కుర్చీ కింద గౌరి పొట్ట లోపలికి లాక్కుంటూ కక్కుతుంటే, ఆవిడ ఖాళీ గిన్నె వంకే చూస్తూ నిలబడ్డారు. కోటయ్య లేడు. గది తాళం మా దగ్గరే ఉంది. ఇక అనుమానించడానికి ఆ గదిలో ఎవరూ మిగల్లేదు. "నా పాలు" అన్నారు.

డాక్టరు దగ్గర మళ్ళీ కూర్చున్నప్పుడు, "అవి కల్తీ పాలు కావండీ" అని వాదించబోయారు.

"కల్తీ కాదులెండి. కూనప్పుడు అరిగినా, ఎదిగాక చాలా పిల్లులకు పాలు అరగవు. అవి ఎంత మంచివైనా ఇంతే" అన్నారాయన.

మరుసటి ఆదివారం ఆవిడ నన్ను తోడు రమ్మన్నారు. కోటయ్య మార్టూరులో రాళ్ళు పాలిష్ పట్టే చోట కాపలాకు కుదిరాడని తెలిసింది. బస్సు దిగి వెళ్ళేసరికి, తెల్లటి రాతిదుమ్ములో గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచాడు. మేము నోరు తెరవకముందే అడిగాడు.

"పిల్లి ఎట్టా ఉందమ్మగారూ?"

ఆవిడ అతని ఎదురుగా వెళ్ళి నిలబడ్డారు. "బాగుంది. తప్పు నాదే కోటయ్యా. నేను పోసిన పాలే దానికి పడలేదు. నిన్ను అనరాని మాటన్నాను. మళ్ళీ వచ్చెయ్."

"బతికింది గదా, చాల్లెండి" అన్నాడు. స్టూలు మీది దుమ్ము దులుపుతూ, "నేను రానమ్మగారూ. రేపు ఇంకోటేదో అయితే, మీరు మళ్ళీ నా సంచే బోర్లిస్తారు" అన్నాడు.

మాకు తాగడానికి మంచినీళ్ళిచ్చి, బస్సు దాకా వచ్చి ఎక్కించాడు. ఆవిడ కిటికీ పక్కన కూర్చున్నారు. చిలకలూరిపేట దాటాక, "వాడన్నది నిజం సుజాతా. బోర్లిస్తాను. నా బుద్ధి అంత తేలిగ్గా మారేది కాదు" అన్నారు. ఇంకాస్త దూరం పోయాక, "కాకపోతే ఇకమీద ముందు నా సంచి బోర్లిస్తాను" అన్నారు.

అన్నమాట నిలబెట్టుకున్నారు. ఆవిడ అనుమానాలు తగ్గలేదు. రిటైరయ్యే రోజున కూడా, కప్పిన శాలువా అసలు పట్టేనా అని వేళ్ళతో నలిపి చూశారు. కానీ ఏ పొరపాటు జరిగినా, ఎవరినీ ఏమీ అడగకముందే, అందరి ఎదుటా తన సొరుగు తెరిచి, తను చేసిన పని మొదటినుంచీ చెప్పేవారు. అది చూసి మిగతావాళ్ళు తమంతట తామే చెప్పడం మొదలుపెట్టేవారు.

ఇప్పుడు నేను వేరే మిల్లులో ఆవిడ చేసిన పనే చేస్తున్నాను. మొన్న ఒక సరుకు తేడా వచ్చి వెనక్కి తిరిగొచ్చింది. గదిలో అందరూ ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. నాకూ ఒక మనిషి మీద గట్టి అనుమానమే ఉంది, పేరు నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, "ముందు నేను సంతకం పెట్టిన టిక్కీలు విప్పండి" అన్నాను.