అడ్డకమ్మికి కట్టిన ఉయ్యాల

మొన్న ఆదివారం హిందూపురం వచ్చిన మా అక్క కూతురు ల్యాప్‌టాప్ నా ముందు పెట్టి, తాను ఒక యంత్రానికి డిజైను చేస్తున్న ఇనుప భాగమొకటి చూపించింది. బెంగళూరులో దానిది అదే ఉద్యోగం. బరువు పడని చోటల్లా కంప్యూటరు ఇనుమును తగ్గించుకుంటూ పోతే, రెండే నిమిషాల్లో ఆ భాగం చీమలు తిన్న బెల్లంముక్కలా మిగిలింది. ఇంకేమన్నా బరువు లెక్కలో మరిచిపోయినానా మామా అని ఆ పిల్ల మామూలుగానే అడిగింది గానీ, నాకు మాత్రం నా మొదటి ఉద్యోగం నాటి లెక్క ఒకటి గుర్తుకొచ్చింది.

కంప్యూటరు గదిలోకి చెప్పులు విడిచి పోయే రోజులు నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటాయి. అప్పట్లో హిందూపురంలో ఇనుప చట్రాలు చేసే చిన్న షాపులో నాకు మొదటి ఉద్యోగం. ధర్మవరం మగ్గాల మీద జకార్డు పెట్టెను, అంటే చీర అంచుకు పూలు తెప్పించే ఆ బరువైన పెట్టెను, కొయ్య చట్రాలే మోసేవి. వాటిని ఇనుముతో తేలిగ్గా చేయాలని మా యజమాని ఆశ. చట్రాన్ని కంప్యూటరులో చిన్న ముక్కలుగా విడగొట్టి, ఏ ముక్క మీద ఎంత ఒత్తిడి పడుతుందో లెక్క కట్టించి, పని లేని చోట ఇనుము తగ్గించి, మళ్లీ లెక్క కట్టించడం నా పని. ఒక్కో లెక్కకు పూటంతా పట్టేది. ఒత్తిడి ఉన్న చోటు తెర మీద ఎర్రగా, లేని చోటు నీలంగా కనబడేది. రెండు స్తంభాలను కలిపే పక్క అడ్డకమ్మి ఎప్పుడు చూసినా నీలమే. ఇంట్లో తిష్ట వేసిన చుట్టాన్ని చూసినట్టు దాన్ని చూసి, సన్నం చేస్తూ చేస్తూ చివరికి వేలు లావు గొట్టానికి తెచ్చాను. పెట్టె బరువుకు రెట్టింపు వేసి చూసినా చట్రం నిలబడింది. నా అంత తెలివైనవాడు జిల్లాలో లేడనుకున్నాను. మొదటి చట్రాన్ని ధర్మవరంలో మా అక్క ఇంట్లో మగ్గానికే బిగించాము.

నెల తిరక్కముందే మా బావ షాపుకు వచ్చాడు. తమ వీధిలో ఇంకో నాలుగిళ్ల వాళ్లు అడుగుతున్నారని చెప్పి, టీ తాగుతూ, "శానా బాగుండాదప్పా నీ చట్రం. మీ అక్క ఉయ్యాల గూడా ఆ పక్క కమ్మికే కట్టింది," అన్నాడు.

ఉయ్యాలలో ఉండేది వాళ్ల ఏడు నెలల పాప. ఆ బరువును నేను కంప్యూటరుకు చెప్పలేదు. చెప్పని బరువు దానికి తెలియదు. మరి నాకు తెలియకపోవడమేమిటి? మేము నలుగురం తోబుట్టువులం మా అమ్మ పాతచీర ఉయ్యాలలో, మా నాయన మగ్గానికే వేలాడి పెరిగినవాళ్లం. అక్కవాళ్ల వీధి చివరి నూలు అంగడికి ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. కొలతలు చూసి రావాలని బావతో అబద్ధం చెప్పి, అందిన రైలెక్కాను. ఎదురుబండి కోసం పెనుకొండలో దాన్ని ఆపేస్తే, ప్లాట్‌ఫారం మీద దిగి నిలబడి, ఊగే ఉయ్యాల బరువును వేళ్ల మీద లెక్క కట్టుకున్నాను. ఎన్నిసార్లు కట్టినా ఆ గొట్టం ఆగేట్టు లేదు. ఆ రోజు నాకు వచ్చినంత ఏడుపు మా నాయన పోయినప్పుడు కూడా రాలేదు.

ధర్మవరంలో అక్క ఇంటికి పరుగున పోయేసరికి మగ్గం చప్పుడు వినిపిస్తూనే ఉంది. అక్క మగ్గం కింది గుంటలో కాళ్లు పెట్టి నేస్తోంది. ఉయ్యాల తాడు ఆమె కాలి బొటనవేలికి కట్టి ఉంది. కాలు కదిలినప్పుడల్లా పాప ఊగుతోంది, కమ్మి వంగి లేస్తోంది. నేను పోయి రెండు చేతులతో కమ్మిని పైకెత్తి పట్టుకున్నాను.

"ఏమిరా, వచ్చీరాంగానే ఆ కమ్మి పట్టుకోని నిలబడినావు? పాప ఇప్పుడే నిద్ర పోయిండాది, కదిలించొద్దు," అంది అక్క.

పాపను ఎత్తుకో అక్కా అన్నాను. ఇంకా రెండు పోగులు అంటూ నా మొహం చూసి, గుంటలోంచి లేచి వచ్చి పాపను తీసుకుంది. కమ్మిని వదిలేశాను. వెల్డింగు విడిపోయిన చోట గోరు దూరేంత సందు ఉంది. అక్క బొటనవేలితో దాన్ని తడిమి చూసి, ఉయ్యాలను ఇంటి దూలానికి కట్టుకుంది. ఆ తర్వాత చేసిన ప్రతి చట్రానికీ లావు కమ్మే వేయించాను. ఎందుకని అడిగిన యజమానికి, నేతవాళ్లకు అదే ఇష్టమని చెప్పాను.

ఇప్పుడు అక్క ఇంట్లో మరమగ్గం ఉంది. పిల్లలకు చక్రాల మంచాలు వచ్చాయి. పూట పట్టే లెక్క రెండు నిమిషాలకు దిగింది. ఆ పూటలో నేను ధర్మవరం పోయి, చట్రం కింద కూర్చునే మనిషిని చూసి రాగలిగేవాణ్ని. పోలేదు. ఈ పిల్లలకు ఆ తీరిక కూడా లేదే అనిపిస్తే గుబులుగా ఉంటుంది.

ఆ యంత్రం దగ్గర పనిచేసేవాళ్లను ఒకసారి పోయి చూసి రా తల్లీ అన్నాను మా అక్క కూతురితో. ఎందుకు మామా అంది. ఆనాడు నేను లెక్కలో మరిచిపోయిన బరువు నువ్వేనమ్మా అని చెప్పడానికి, ఈ వయసులో కూడా నాకు నోరు రాలేదు.