పెద్దాయన వేసిన బొమ్మలు

ఇది రాయడానికి ఇంతకాలం ఎందుకు పట్టిందంటే, నాకు అక్షరాలు రావు. అంటే, అప్పట్లో రావు. యాభై దాటాక నేర్చుకున్నాను. మా ఊరి బడిలో పిల్లలు ఇళ్ళకి పోయాక ఆ గదిలోనే మాలాంటి ఆడవాళ్ళకి క్లాసు పెట్టారు. ముందు పేరు రాయడం వచ్చింది, తర్వాత బస్సు బోర్డు చదవడం, ఆ తర్వాత పేపరు. అయినా ఇది రాయలేదు. కాబట్టి అక్షరాలు రాకపోవడం సాకే. నోరుంది కదా. నోటితో చెప్పిన అబద్ధాన్ని నోటితోనే సరిచేయడానికి చదువెందుకు? ఈ ప్రశ్న ఎన్నిసార్లు వేసుకున్నానో. జవాబు తెలిసి కూడా మళ్ళీ వేసుకునేదాన్ని.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది రామతీర్థం కొండ కనిపించే ఊరు. పెళ్ళికీ, అమ్మవారి పండక్కీ ఇంటి ముందు గోడకి ఎర్రమట్టి పూసి, సున్నంతో బొమ్మలు వేస్తాం. వేశాక ఆ ఇంటి ఆడవాళ్ళు వేరే ఇంటామెని ఒకర్తెని పిలుస్తారు. గోడ చూడటం అంటాం దాన్ని. ఆకులో పసుపు పెట్టి తెచ్చి పిలుస్తారు. అలా పిలిస్తే పగవాళ్ళ ఇంటికైనా వెళ్ళాల్సిందే. బాగుంటే ఆమె మూలన పసుపు బొట్టు పెడుతుంది. బాగాలేకపోతే లేదంటుంది. లేదందా, ఆ పొద్దు వాలేలోగా ఆ గోడని పేడనీళ్ళతో అలికేస్తారు. ఎదురు మాట ఉండదు. ఇంకొకర్ని పిలిచి అడగడమూ ఉండదు. అంత నమ్ముతారు గనక చూసే మనిషి మొహమాటపడకూడదు, పాతపగలు తీర్చుకోకూడదు. మా ఊళ్ళో చాలాకాలం ఆ పిలుపు నాకే వచ్చేది.

ఇక పెద్దాయన గురించి. పేరు రాయను. ఊళ్ళో కూడా ఎవరూ ఆయన పేరు పలికేవారు కాదు, పెద్దాయన అనేవారు, అదీ గొంతు తగ్గించి. సర్కారులు మారేవి, ప్రెసిడెంట్లు మారేవారు, ఆయన మాట మారేది కాదు. ఎవరు ఎవరికి ఓటెయ్యాలో, ఎవరి పొలానికి ముందు నీళ్ళు పారాలో, ఎవరింటి పిల్లని ఎక్కడివ్వాలో, అంతా ఆయన అరుగు మీదే తేలేది. ఒకసారి ఒక పాలేరుని కట్టేసి కొట్టించాడు. చూసినవాళ్ళు చాలామంది. పోలీసులు వచ్చి అడిగితే చూశానన్నవాడు మా అయ్య ఒక్కడే.

ఆ సాయంత్రమే మమ్మల్ని వెలి వేశారు. మాకు నిప్పు ఇవ్వకూడదు. బావి దగ్గరికి రానివ్వకూడదు. పలకరించకూడదు. మా అమ్మ ఏటికి పోయి నీళ్ళు మోసుకొచ్చేది. దూరం. మోసి మోసి ఆమె ఎడమ భుజం కిందికి జారిపోయింది. మా అయ్య ఆ వెలిలోనే జ్వరంతో పోయాడు. పాడె మొయ్యడానికి ఒక్క మనిషి రాలేదు. వాన పడుతోంది. ఎడ్లబండి మీద పడుకోబెట్టి, మా అమ్మ ముందు పగ్గం పట్టుకుని నడిచింది. నేను వెనక, శవం జారకుండా కాళ్ళు పట్టుకుని నడిచాను. అప్పుడు నాకు ఇంకా పెళ్ళి కాలేదు, ఓణీ కూడా వెయ్యలేదు. పెద్దాయన అరుగు ముందునుంచే దారి. ఆయన కుర్చీలో కూర్చుని ఒళ్ళో పలక లాంటిది పెట్టుకుని ఉన్నాడు. ఏదో రాసుకుంటున్నాడనుకున్నాను.

తర్వాత నన్ను మా మేనమామకే ఇచ్చారు, అదే ఊళ్ళో. అమ్మ పోయింది. పెద్దాయనా ముసలైపోయి మంచంలోనే పోయాడు. వెలి తీసేశామని ఎవరూ అనలేదు. ఒకరోజు ఒకామె పలకరించింది, మర్నాడు ఇంకొకామె. అంతే.

ఆయనకి ఒక్కతే కూతురు, సత్యవతి. నాకంటే చిన్నది. తండ్రి చేసిన వాటికి ఆమెకి ఏ పాపమూ లేదు. బొమ్మలెయ్యడంలో ఆమె చెయ్యి చాలా మంచిది. వాళ్ళ గోడకి నేను పసుపు బొట్టు పెట్టినప్పుడు మనసులో ఇష్టం లేకపోయినా చెయ్యి ఆగలేదు. అప్పటిదాకా నా చెయ్యి అబద్ధం ఎరగదు.

తండ్రి పోయిన ఏడాదికి ఒక మధ్యాహ్నం ఆమె పాత దుప్పటిలో ఏదో మూట కట్టుకుని మా ఇంటికి వచ్చింది. చేతిలో ఆకు, ఆకులో పసుపు.

"అప్పా, గోడ సూడ్డానికి కాదు," అంది. మా వైపు అక్కని అప్పా అంటాం. "మా నాన్న బొమ్మలేసీవోడు. ఎవలికీ సూపించనేదు. శ్రీకాకుళంలో కాలేజీ డ్రాయింగు మాస్టారు బాగుంటే తెమ్మన్నాడు, అందరూ సూసీలాగ కాలేజీ గోడకి పెడతాడంట. నాకేటో బయంగున్నాది. మా నాన్న ఎలాటోడో ఊరందరికీ తెలుసు, నీకు మరీ తెలుసు. మా నాన్నని ఒగ్గేసి బొమ్మనే సూడు. గోడని సూసినట్టే సూడు. నీ మాటే కడపటి మాట."

మూట విప్పింది. కాగితాల మీద నీళ్ళరంగులు. కొండల బొమ్మలు కొన్ని, మామూలుగా ఉన్నాయి. గుడి గోపురాలు, అవీ అంతే. తర్వాత మా ఏరు వచ్చింది. ఎండాకాలం ఏరు. నీలం రంగు ఎక్కడా లేదు. తడి ఇసక రంగు ఒక్కటే వేసి, నీళ్ళు ఉండాల్సిన చోట కాగితాన్ని ఊరికే వదిలేశాడు. ఆ వదిలేసిన తెల్లదనమే నీళ్ళయి పారుతోంది. అలా వదిలేయడం ఎంత కష్టమో సున్నం చెయ్యి ఉన్నదాన్ని, నాకు తెలుసు. దాని కిందే బండి బొమ్మ ఉంది.

వాన. గట్టు మీద బండి. ముందు పగ్గం పట్టుకుని ఒక ఆడమనిషి, వీపు మనవైపు. ఎడమ భుజం కిందికి జారి ఉంది. గుడ్డ చాలక బయటికొచ్చిన పాదాలు. వాటిని పట్టుకుని ఒక పిల్ల.

మా అమ్మకి ఫోటో లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఆ వీపుని ఊళ్ళో నాకు తప్ప ఇంకెవరికీ అంత బాగా తెలియదనుకునేదాన్ని.

సత్యవతి ఆ బొమ్మనీ, నన్నూ చూడలేదు. గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది.

"సెప్పప్పా," అంది.

"ఏటీ నేదు సత్తెమ్మా," అన్నాను. "సెయ్యుంది గాని జీవం నేదు."

"సరీగా సూసినావా?"

"సూసినాను."

ఆమె కాగితాలన్నీ మళ్ళీ దుప్పటిలో మూట కట్టింది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు కాబట్టి ఉన్నదున్నట్టు సెప్పినావు. ఇంకొకలైతే నా మొకం సూసి బాగున్నాయనీవోరు. నీ రునం తీర్సుకోనేను."

గోడ మాట ఎలాగో ఆ మాటా అలాగే. పొద్దు వాలేలోగా ఆమె వాటిని వాళ్ళ పెరట్లో నీళ్ళకాగు కింద మంటలో పెట్టేసింది. వాళ్ళ పెరడు మా పెరట్లోంచి కనిపిస్తుంది. చూస్తూ నిలబడ్డాను. అలా జరుగుతుందని నాకు తెలుసు. తెలిసే చెప్పాను. గోడ దాటి పరిగెత్తి ఆ ఒక్క బొమ్మైనా అడిగి తెచ్చుకోవచ్చు. అడిగితే ఎందుకంటుంది. బాగుందనాల్సి వస్తుంది. మా అమ్మ వీపు కాలిపోతుంటే నా మాట నిలబెట్టుకోవడానికి ఊరుకున్నాను. ఇది పగా? పౌరుషమా? ఇప్పటికీ నాకు పేరు దొరకలేదు.

ఎందుకలా చెప్పానో చాలాసార్లు తవ్వుకున్నాను. బాగున్నాయంటే ఆయన్ని బాగున్నాడన్నట్టే అనిపించింది, అది ఒకటి. ఊరంతా లాక్కున్న మనిషికి ఇదొక్కటి కూడా మిగలకూడదనుకున్నాను, అది రెండోది. కానీ వీటి కింద ఇంకొకటి ఉంది, దాన్ని రాయడం కష్టంగా ఉంది. ఆయనకి కళ్ళు లేవనుకున్నాను అన్నాళ్ళూ. మనుషుల బాధ కనబడనివాడు కాబట్టే అలా చేశాడనుకుని కాస్త నెమ్మదిగా బతికాను. ఆ బొమ్మ చూశాక ఆ నెమ్మది పోయింది. ఆయనకి అంతా కనిపించింది. భుజం ఎంత జారిందో, ఎటువైపు జారిందో కూడా. అంత బాగా చూసినవాడు కుర్చీలోంచి లేవలేదు. బొమ్మ బాగుండటమే నేను ఆయన్ని క్షమించలేకపోవడానికి కారణం. దాన్ని సత్యవతికి ఎలా చెప్పను? చెప్పాల్సింది. కష్టమైతే బొట్టు పెట్టి నోరుమూసుకున్నా సరిపోయేది.

సత్యవతి మరెప్పుడూ గోడ మీద చెయ్యి పెట్టలేదు. అడిగితే, "ఆ రగతంలో ఏటుందప్పా నాకు రాడానికి? నువ్వే సెప్పినావు కదా," అంది నవ్వుతూ. తర్వాత భర్తతో అరసవల్లి వెళ్ళిపోయి గుడి దారిలో పూజసామాన్ల కొట్టు పెట్టుకుంది. నేను ఎప్పుడు దర్శనానికి వెళ్ళినా కొట్లోంచి లేచి వచ్చి కుర్చీ వేసేది. పక్క కొట్టువాళ్ళకి చూపించి, "మా అప్ప. నోట అబద్దం రాదు," అనేది. నేను ఆ కుర్చీలో కూర్చునేదాన్ని. టీ తాగేదాన్ని కూడా.

ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, మొన్న మా క్లాసులో టీచరమ్మ ఫోనులో కొన్ని బొమ్మలు చూపించింది. దూరదేశంలో లక్షలమందిని చంపించిన నియంత ఒకడు కుర్రతనంలో వేసినవట. కోటలు, చర్చీలు, వీధులు. వాడి ఫోటో కూడా చూపించింది.

"ముక్కు కింద ఈగ వాలినట్టు ఆ మీసమేటి!" అంది మా అప్పలనర్సమ్మ. "ఒరే నాయనా, ఈ బొమ్మలే ఏసుకుని కూకుంటే పోయేది కదరా!"

అందరూ నవ్వారు. తర్వాత అందరూ నావైపు తిరిగారు. గోడలు చూసేదాన్ని కదా. ఫోను దగ్గరగా పట్టుకుని నిదానంగా చూశాను. గీత తిన్నగా ఉంది. రాళ్ళు లెక్కగా ఉన్నాయి. మనుషులు చీమల్లా ఎక్కడో ఒక మూల ఉన్నారు, వాళ్ళని వాడు చూడనే లేదు. ఇళ్ళున్నాయి గానీ లోపల ఎవరూ పొయ్యి వెలిగించినట్టు లేదు. మామూలు బొమ్మలే అన్నాను. అది నిజమే. "అదీ సంగతి! పాపిష్టోడికి బొమ్మెలాగ వస్తాది?" అంది అప్పలనర్సమ్మ. అందరికీ ప్రాణం హాయిగా అయింది. టీచరమ్మకి కూడా.

నాకు కాలేదు. ఆ పరదేశం వాడి విషయంలో లోకం సులువుగా తప్పించుకుంది. మనిషీ చెడ్డవాడే, బొమ్మా అంతంతమాత్రమే. మా ఊరివాడి విషయంలో అలా కుదరలేదు. కుదరని చోట నేను కుదిర్చాను. ఇరవై మంది ఆడవాళ్ళ మధ్య కూర్చుని, ఆ మాటకి తల కూడా ఊపాను. అప్పుడు తెలిసింది, ఆ అబద్ధం నేను ఒక్కసారి చెప్పి ఊరుకున్నది కాదని, ఇప్పటికీ చెబుతూనే ఉన్నానని.

ఇక్కడిదాకా నిన్న రాశాను. చదువుకుంటే చేతిరాత వంకరగా ఉంది గానీ ఎక్కడా మార్చాలనిపించలేదు.

ఇవాళ పొద్దున్న మొదటి బస్సుకి శ్రీకాకుళం వెళ్ళి, అక్కణ్ణుంచి ఆటోలో అరసవల్లి దిగాను. సత్యవతి కొట్టు ముందు నీళ్ళు చల్లుతోంది. కుర్చీ తేబోతే వద్దన్నాను. నిలబడే చెప్పాను. ఆ బొమ్మలు బాగున్నాయని, బాగున్నాయని తెలిసే లేదన్నానని. ఆమె చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. "అన్నీ బాగున్నాయేటి?" అంది. గొంతులో ఏముందో నాకు తెలియలేదు.

అవునంటే ఆమెకి కాస్త సంతోషంగా ఉండేదేమో. "అన్నీ కాదు," అన్నాను. "కొండలు మామూలే. గుడులూ అంతే. ఏరు బాగున్నాది. బండి బొమ్మ అన్నిటికంటే బాగున్నాది."

ఆమె చెంబు గడప పక్కన పెట్టింది. కొబ్బరికాయ కోసం ఎవరో వస్తే లోపలికి వెళ్ళింది. మళ్ళీ బయటికి రాలేదు. నేను కాసేపు ఆ ఎండలో నిలబడి, ఆటో ఎక్కాను.