మా అత్తగారు చూడని బాణసంచా

మొన్న ఏలూరులో ఏదో ఉత్సవానికి బాణసంచా కాలుస్తున్నారని, కారులో తీసుకెళ్ళి కారులోనే తీసుకొస్తామని మా కోడలు ఎంత పిలిచినా నేను రానన్నాను. ఊరికే రానంటే పిల్లలు ఊరుకోరు కనుక కారణాలు చెప్పాను. ఒకటి మోకాళ్ళు, రెండు పొగ, మూడు తిరిగొచ్చేటప్పుడు బండ్లన్నీ ఒక్కసారే కదిలి వంతెన దగ్గర ఇరుక్కోవడం. మూడూ సరైన కారణాలే కాబట్టి వాళ్ళు వెళ్ళిపోయారు. ఇల్లు సద్దుమణిగాక వీధరుగు మీద కూర్చుంటే, సుమారు యాభై అయిదేళ్ళ క్రితం ఇలాగే బాణసంచా విషయంలోనే నేను అయిదు సరైన కారణాలు చెప్పిన సంగతి గుర్తుకొచ్చింది. ఆ అయిదింటిలో అసలు కారణం లేదు.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఇంగ్లీషు సీమలో కొత్త రాజుగారికి పట్టాభిషేకమని ఇక్కడ మన ఊళ్ళలో జెండాలు కట్టి, బడిపిల్లలకు మిఠాయి పంచిన ఆ వేసవి. నేను అప్పటికి ఓవర్సీరు పరీక్ష ప్యాసై గణపవరం సెక్షనులో అయిదో ఏడు పనిచేస్తున్నాను. నాకు ఇరవై అయిదేళ్ళు. కాలువలకు నీళ్ళు కట్టేసే రోజులవి. పూడిక తీయించడం, తూములు బాగుచేయించడం, లాకు తలుపులకు తారు పూయించడం, ఇవన్నీ మళ్ళీ నీళ్ళు వదిలేలోగా పూర్తి కావాలి కనుక ఓవర్సీరుకు ఊపిరి తిరిగేది కాదు. చొక్కా జేబులో ఒక చిన్న పుస్తకం, అందులో ఆ రోజు పనులకు వరసగా అంకెలు, అయినదాని మీద అడ్డగీత. కొలతల పుస్తకంలో నేను రాసిన అంకె తప్పని పై అధికారి ఎవరూ ఒక్కసారి కూడా దిద్దలేదు. దాని గురించి నాకు కొంచెం గర్వంగానే ఉండేది.

మా ఆవిడకు ఒక మేనబావ ఉండేవాడు. మా అత్తగారి అన్నగారి కొడుకు. తల్లి పోవడంతో అయిదో ఏట నుంచి కొల్లేటి లంకలో మా అత్తగారింట్లోనే, ఆవిడ కలిపి పెట్టిన అన్నం తిని పెరిగాడు. మా ఆవిడను అతనికే ఇస్తారని ఆ లంకలో అందరూ అనుకున్నారట. అతనికి చదువు అబ్బలేదు. పదిహేనో ఏట ఏలూరు వెళ్ళి, తీర్థాలకూ పెళ్ళిళ్ళకూ మందుగుండు సామాను చేసే ఒక ముసలాయన దగ్గర చేరిపోయాడు. ఇటు నాకు సర్కారు ఉద్యోగం వచ్చింది. అప్పటికింకా బతికే ఉన్న మా మామగారు రెండు సంబంధాలూ పక్కపక్కన పెట్టి చూసుకుని, నిప్పుతో బతికేవాడికి పిల్లనివ్వడం కుదరదన్నారు. ఈ సంగతి నాకు పెళ్ళయిన నాలుగో నాడు ఎవరో పెద్దావిడ వంటింట్లో నవ్వుతాలుగా అంటే తెలిసింది. ఆ పెళ్ళిలో పందిట్లో విస్తళ్ళు వేసిన మనిషీ, ఊరేగింపులో ఆకాశంలోకి అవాయిలు వదిలిన మనిషీ అతనే.

అప్పటి నుంచీ నాకు శాంతి లేదు. అతను ఏడాదికి రెండుసార్లు మా ఇంటికి వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా మా ఇంట్లో మూడు మార్పులు జరిగేవి. మా అత్తగారు ఉంటే ఆవిడ గొంతు పెరిగేది. మా ఆవిడ పెరుగు మీది మీగడ తీయకుండా వడ్డించేది. ఎక్కడో ఒక తూము చెడిపోయి నేను వెంటనే బయల్దేరవలసి వచ్చేది. గంధకం మరకలతో పసుపుపచ్చగా ఉండే అతని వేళ్ళు చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఒక దీపావళికి అతను మా పెరట్లో చిచ్చుబుడ్డి వెలిగిస్తే, అది కొబ్బరిమట్టలంత ఎత్తు లేచి పూలు రాలుస్తుంటే, మా ఆవిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకోకుండా నవ్వింది. నా మాటలకు ఆవిడ ఎప్పుడు నవ్వినా చెంగు అడ్డం ఉండేది. మనిషిలో ఏదైనా లోపం దొరికితే తేలిక పడేవాణ్ణేమో కానీ, తాగుడు లేదు, అప్పు లేదు, నన్ను ఒక్కనాడూ చులకనగా పిలిచింది లేదు. “ఓవర్సీరుగారూ” అంటూ నిలబడే మాట్లాడేవాడు.

పట్టాభిషేకం నాడు ఏలూరు మైదానంలో కాల్చే బాణసంచా అంతా అతని చేతి పనేనని తెలియగానే మా అత్తగారు లంక నుంచి బయల్దేరి వచ్చేశారు. వేసవిలో కొల్లేరు కుదించుకుపోయి బండ్లు నడిచే దారి పడేది కాబట్టి ఆవిడ దోనె అవసరం లేకుండానే వచ్చారు. ఆవిడకు అప్పటికే రెండు కళ్ళలోనూ పొరలు కమ్మి ఉన్నాయి. మనిషిని గొంతును బట్టి గుర్తుపట్టేవారు. దీపమైతే మాత్రం బాగా దగ్గరగా ఉంటే కంటికి ఆనేది.

రెండు రోజుల ముందు అతని దగ్గర నుంచి నా ఆఫీసుకు కార్డు వచ్చింది. ఎవరిచేతనో రాయించాడు. జనాన్ని ఆపడానికి మైదానంలో కట్టే తాడు పక్కనే నలుగురికి చోటు ఉంచుతాననీ, అంత దగ్గరగా కూర్చుంటే అత్తకు కొంచెమైనా ఆనుతుందనీ, ఆఖరున కాలేది ఆవిడ కోసమే చేశాననీ దాని సారాంశం. నేను దాన్ని రెండుసార్లు చదివి చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఇంట్లో మాత్రం చోటు సంగతి చెప్పి, అక్కడ ఎందుకు కూర్చోకూడదో చెప్పాను. గతి తప్పిన అవాయి మొదట పడేది తాడు దగ్గరే. నూలు చీరలకు నిప్పురవ్వ చాలు. మా మూడేళ్ళ పిల్ల చెవులు ఆ చప్పుడుకు తట్టుకోవు. జనం తోసుకుంటే ముందు నలిగేది ముందువరసే. పైగా వాన పడితే అక్కడంతా బురద. అయిదు కారణాలూ వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాను. ఆఖరున కాలేది ఎవరి కోసమో మాత్రం చెప్పలేదు.

“మీరు చెప్పాక ఇంకేముంది బాబూ,” అన్నారు మా అత్తగారు. “మీరు ఎక్కడ కూచోమంటే అక్కడే కూచుంటాను.”

ఆ రోజు తెల్లవారకుండానే బండి కట్టించి తాడేపల్లిగూడెం చేరి రైలెక్కాము. దుప్పటి ఒకటి, మరచెంబు ఒకటి, విసనకర్రలు రెండు, జంతికల డబ్బా, లాంతరు, పిల్ల చెవులకు దూది, అన్నీ పుస్తకంలో రాసుకుని అన్నిటికీ అడ్డగీత కొట్టాను. గూడెం స్టేషనులో జనాన్ని చూస్తే జిల్లా అంతా ఆ ఒక్క రైలుకే వచ్చినట్టుంది. నల్లజర్ల నుంచి బండ్లలో వచ్చినవాళ్ళు ఎద్దులను స్టేషను బయట కట్టేసి మరీ ఎక్కారు. ఏలూరులో మా పిన్ని ఇంట్లో దిగి, భోజనాలు కానిచ్చి, పొద్దు వాలుతుండగా మైదానానికి బయల్దేరాము. ముందు రోజు ఒక జల్లు పడి నేల నిజంగానే మెత్తగా ఉండటం చూసి నాకు లోపల సంతోషం కలిగింది.

నేను ఎంచిన చోటు మైదానానికి దూరంగా ఉన్న కాలువ గట్టు. అడుగులు లెక్కపెట్టాను. తాడు నుంచి రెండు వందల యాభై గజాలు. గట్టు ఎత్తు మీద, వెనక నుంచి ఎవరూ తోయకుండా, దుప్పటి పరిచి ముగ్గురినీ కూర్చోబెట్టాను. కళ్ళున్నవాళ్ళకు అంతకంటే మంచి చోటు ఆ మైదానంలో లేదు.

చీకటి పడగానే మొదలైంది. మొదట అవాయిలు, తరవాత మతాబులు, విష్ణుచక్రాలు, గొలుసుగా పేలే టపాకాయలు. చప్పుడు ఎటు వస్తే అటు ముఖం తిప్పుతూ మా అత్తగారు పసిపిల్లలా కూర్చున్నారు. ఏం కాలుతున్నదో నేను పక్క నుంచి చెబుతున్నాను. రంగు, ఎత్తు, ఎన్ని, అంతే. ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు గానీ తక్కువా చెప్పలేదు. మా ఆవిడ ఒళ్ళో పిల్ల, చెవుల్లో దూదితో, అంత చప్పుడులోనూ నిద్రపోయింది.

అప్పుడు అన్నీ ఆగిపోయి మైదానం మధ్యలో పెద్ద వెదురు చట్రం ఒకటి లేచింది. అడుగున ఆకుపచ్చటి నిప్పు సన్నగా పాకి, కొల్లేటి ఒడ్డున తుంగ ఎలా ఉంటుందో అలా నిలబడింది. దాని మధ్య తెల్లగా కలువలు విచ్చుకున్నాయి. తరవాత ఎడమ వైపు నుంచి ఒక గూడబాతు, రెక్కలతో, ముక్కుతో, ముక్కు కింద తిత్తితో సహా వెలిగింది. అది ఆరకుండానే రెండోది, తరవాత మూడోది. నేను లెక్కపెట్టాను. పదకొండు. ఒకదానికీ మరొకదానికీ మధ్య వ్యవధి సరిగ్గా ఒక్కటే. చేత్తో నులిమిన వత్తులతో అంత కచ్చితంగా కాలాన్ని కొలవడం గడియారం ముందు పెట్టుకుని కూడా నావల్ల కాదు. పదకొండూ ఒక బారుగా నిలిచాక, చివర ఉన్నది చట్రం వదిలి సర్రున ఆకాశంలోకి లేచిపోయింది. అంత జనం ఊపిరి బిగపట్టారు. లంకలో అతనూ, మా ఆవిడా చిన్నప్పుడు కలిసి చూసిన పక్షులవి. వాటిలో నేనెక్కడా లేను.

మా అత్తగారు నా వైపు ఒరిగి, “ఏం బాబూ, ఉన్నట్టుండి అందరూ ఊరుకున్నారేం? ఏం కాలుతోంది?” అని అడిగారు.

“చట్రం ఒకటి నిలబెట్టారండీ,” అన్నాను. “సగం అంటుకోలేదు. మందు చెమ్మగిల్లినట్టుంది.”

అంతలో మైదానమంతా ఒక్క పెట్టున కేకలు వేసింది. ఆవిడ ఉలిక్కిపడి, మరి ఆ కేకలేమిటన్నారు. అన్న మాట వెనక్కి తీసుకోవడానికి అప్పుడు కూడా వ్యవధి ఉంది. జనం నవ్వుతున్నారండీ అని చెప్పాను. ఆవిడ చెంగు కొసతో ఒకసారి కళ్ళు ఒత్తుకున్నారు. మా ఆవిడ నా వైపు తిరగలేదు. ఆరిపోతున్న చట్రం వైపే చూస్తూ పిల్లను జోకొట్టింది.

జనం పల్చబడ్డాక అతను మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. ముందు తాడు పక్కనంతా వెతికి అక్కడ లేమని ఇటు వచ్చినట్టున్నాడు. ముఖమంతా మసి, కనుబొమలు సగం కమిలిపోయి ఉన్నాయి. వస్తూనే మా అత్తగారి ముందు గొంతుక్కూర్చుని, “అత్తా, ఆనిందా?” అన్నాడు.

ఆవిడ అతని రెండు చేతులూ తడిమి పట్టుకున్నారు. “పోనీలేరా నాయనా. నిన్న వాన పడిందిగా, నువ్వు మాత్రం ఏం చేస్తావు? సగం అంటుకోలేదట, అల్లుడుగారు చెప్పారు. నవ్వినవాళ్ళను నవ్వనీ. నువ్వు బెంగపెట్టుకోకు.”

అతను తలెత్తి నన్ను చూశాడు. లాంతరు నా చేతిలోనే ఉంది, దాని వెలుగు నా ముఖం మీదే పడుతోంది. ఎంతసేపు చూశాడో ఆ ఒక్కటి మాత్రం నేను లెక్కపెట్టలేదు.

“అవునత్తా,” అన్నాడు. “చెమ్మ పట్టింది. ఈసారి బాగా ఎండబెడతాలే.”

తరవాత మరచెంబులో నీళ్ళు తాగి, వంతెన దగ్గర తొక్కిడిగా ఉందనీ, అటు వెళ్ళవద్దనీ నాతో చెప్పి, నిద్రపోతున్న పిల్లను భుజాన వేసుకుని, మరో చేత్తో అత్తను పట్టుకుని, సందుల్లోంచి మా పిన్ని ఇంటి దాకా దిగబెట్టాడు. నేను నిర్ణయించి పెట్టుకున్న దారి వంతెన మీదుగానే. దుప్పటీ, డబ్బా మోసుకుంటూ వెనకాల నడిచాను.

మర్నాడు ఉదయం రైల్లో మా అత్తగారు కునుకు తీస్తుండగా మా ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ, “మా బావ అబద్ధమాడటం నేను ఇంతవరకూ వినలేదండీ,” అంది. అంతే. అటు తరవాత నలభై ఏళ్ళు కాపురం చేశాము. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. నన్ను నిలదీసి ఉంటే నా అయిదు కారణాలూ చెప్పి గెలిచేవాణ్ణి. ఆవిడ ఆ అవకాశం ఇవ్వలేదు.

నిజం చెబుదామని నాకు మనసులో ఉండేది. వచ్చే దీపావళికి చెబుదామనుకున్నాను. ఆ వానాకాలంలోనే లంకలో జ్వరాలు వచ్చి మా అత్తగారు పోయారు. తన మేనల్లుడి చేతి పని నలుగురిలో నవ్వులపాలైందనే నమ్మి పోయారు. యుద్ధం వచ్చాక గంధకం, సూరేకారం దొరక్క అతను ఆ పని మానేసి తణుకులో సోడాల కొట్టు పెట్టుకున్నాడు. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా నన్ను పిలిచి సోడా ఇచ్చేవాడు. “ఓవర్సీరుగారూ” అనే పిలిచేవాడు. ఇప్పుడు అతనూ లేడు, మా ఆవిడా లేదు.

కాలం చాలా మారింది. ఇప్పుడు కళ్ళలో పొరలు ఒక పూటలో తీసేసి సాయంత్రానికి ఇంటికి పంపిస్తున్నారు. ఆకాశంలో ఏం వెలిగిందో ఒకరు చెబితే మరొకరు నమ్మవలసిన అవసరం ఎవరికీ లేదు. మా రోజుల్లో అల్లుడు చెప్పాడంటే అదే రుజువు, అందులోనూ ఓవర్సీరు అల్లుడు. ఆ నమ్మకానికి తగ్గ మనిషిని కాలేకపోయాననే బాధ వయసుతో కొంత మెత్తబడింది. అతని పనితనం మీద అసూయ కూడా ఎప్పుడో చల్లారింది. మా ఆవిడ నవ్వు మీద ఉన్నది ఆవిడతోనే పోయింది. కానీ ఆ గట్టు మీద, ఆ మసి ముఖంతో, తన పదకొండు పక్షులనూ తన చేతులతోనే ఆర్పేసి “అవునత్తా” అన్నాడే, ఆ మాట మీద మాత్రం ఎనభై ఏళ్ళు వచ్చినా నాకు అసూయ పోలేదు.