ఉడికిన కణాల ఫొటో

ఇరవై ఏళ్లుగా ఒక ఫొటోను మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

రీసెర్చ్ రోజుల్లో నా పని ఈస్టు మీద. రొట్టె పొంగడానికి వేసే ఈస్టే. దాన్ని ఇనుప గొట్టంలో పెట్టి, నీటితో విపరీతమైన ఒత్తిడి కలిగించి, కణాలు లోపలా బయటా ఏమయ్యాయో మైక్రోస్కోపులో చూడాలి. ఒకరోజు మూతకున్న రబ్బరు రింగు జారి ఒత్తిడి నిలవలేదు. సాయంత్రానికల్లా మా గైడ్ సార్‌కు ఫొటో కావాలి. చచ్చిన కణాలతో పోల్చుకోవడానికి ఉడకబెట్టిన ఈస్టు పక్కనే ఉంది. అందులో కణాలన్నీ ముడుచుకుపోయి ఉన్నాయి. వాటినే ఫొటో తీసి, ఒత్తిడి వల్ల ఇలా అయ్యాయని కింద రాశాను. భయమా? బద్ధకమా? సార్ మెచ్చుకోవాలని ఆశపడ్డాను, అది మాత్రం ఖాయం.

తర్వాత ఆ పని నా జూనియర్ రజియాకు ఇచ్చారు. ఇద్దరిదీ మార్కాపురమే. వాళ్ల నాన్నకు పలకల దుకాణం. ఏడు నెలలు కష్టపడింది. ఎన్నిసార్లు చేసినా నా ఫొటోలో ఉన్నట్టు రాలేదు.

"పైన కణం గోడ బాగానే ఉందన్నా, లోపలే చెదిరిపోయినాయి. నీయి అట్ల ఎట్ల ముడుచుకున్నాయి?" అని అడిగింది.

"నీ చేతిలోనే ఏదో తప్పు జరుగుతాంది, చూసుకోమ్మా" అన్నాను.

ఆమె చూసిందే నిజం. అది నాకు తెలుసు. సార్ నా ఫొటోను నమ్మి ఆమె చేతికి నిలకడ లేదన్నారు. రజియా చదువు మధ్యలో వదిలేసి, ఊరికొచ్చి దుకాణంలో కూర్చుంది. నాకు డాక్టరేట్ వచ్చింది.

ఇప్పుడు మార్కాపురంలోనే జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఆ దుకాణం ముందునుంచి పోలేక చుట్టు తిరిగి పోతాను. మైక్రోస్కోపులో కన్ను పెడితే ఏ స్లైడైనా సరే, ముందు ఆ ముడుచుకున్న కణాలే కనిపిస్తాయి. ఎన్నాళ్లిలా?

మొన్న రజియా తన కూతుర్ని ఇంటర్‌లో చేర్చడానికి వచ్చింది. పిల్ల బైపీసీ కావాలంది. రజియా నవ్వి, "మా ఇంటి చేతులు ల్యాబుకు పనికిరావులే అన్నా, సీఈసీ రాయి" అంది. పిల్ల నా వైపు చూసింది, నేనేమన్నా అంటానేమోనని. ఒక్క మాట చాలు. నోటిదాకా వచ్చింది కూడా. పెన్ను తీసి ఫారంలో సీఈసీ అని రాశాను.

రజియా చేతులు మంచివి. తప్పు నాది. ఇన్నేళ్లకు ఈ మాట రాశాను, అదీ ఆమెకు కాదు, మీకు. ఈ మాత్రానికే గుండె కాస్త తేలికపడింది. అందుకు ఇంకా సిగ్గుగా ఉంది.