నాకంటే ముందు బస్సెక్కిన ఫైలు

పరకాల నుంచి హన్మకొండకు పోయిరావడం కూడా ఒక యాత్రేనా, దాని మీద రాయడం కూడానా అని మా హెడ్మాస్టరు అడిగారు. ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు. బస్సు సరిగ్గా నడిస్తే గంటంబావు ప్రయాణం, జనం రోజూ పోయివస్తూనే ఉంటారు. కానీ నాకు బస్సు పడదు. దారిలో వచ్చే గూడెప్పాడు క్రాస్‌రోడ్డు దాకా కడుపులో ఏమీ తిప్పకుండా చేరితే ఆ రోజు నాకు పండగే. కాబట్టి నాలాంటి వాళ్ళు ఇంకెవరైనా ఉంటే వాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

నా పేరు యాకూబ్. పరకాలలో హైస్కూలు పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను. మాట ఇచ్చేయడం నాకున్న పెద్ద జబ్బు. పోయినేడు ప్లాస్టిక్ పైపుకు రెండు అద్దాలు బిగించి దుర్భిణి అని పేరు పెట్టి, శనిగ్రహం వలయాలు చూపిస్తానని తొమ్మిదో తరగతి పిల్లల్ని సాయంత్రం బడి డాబా మీదికి పిలిచాను. వాళ్ళకు కనబడింది ఎదురింటి వాటర్ ట్యాంకు, అదీ తలకిందులుగా. పిల్లలు మంచివాళ్ళు. ఒక్కొక్కరే వచ్చి చూసి "బాగుంది సార్" అని దిగిపోయారు. నవ్వి ఉంటే అంత బాధపడేవాణ్ణి కాదు.

ఈ ఏడు జనవరిలో ఒక ఆహ్వానం వచ్చింది. వరంగల్ జిల్లా సైన్సు టీచర్లంతా కలిసి హన్మకొండలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో చర్చ పెడుతున్నారు. విషయం: రాబోయే రోజుల్లో అంతరిక్షానికి మనుషుల్ని పంపాలా, యంత్రాల్ని పంపాలా, లేక ఉన్న డబ్బంతా భూమిని చూసే ఉపగ్రహాలకు పెట్టాలా? ఒక్కో టీచరుకు పది నిమిషాలు. బాగా మాట్లాడిన వాళ్ళ బడికి ఒక అసలు సిసలు టెలిస్కోపు బహుమానం.

ఆ కాగితం చదివిన గంటలోపే క్లాసులో చెప్పేశాను, ఈసారి నిజమైనది తెస్తానని. ఎవరూ అడగలేదు, నేనే చెప్పాను. మర్నాటికల్లా పిల్లలు డాబా ఊడ్చి, టెలిస్కోపు మూడు కాళ్ళు ఎక్కడ పెట్టాలో సున్నంతో గుర్తులు కూడా పెట్టారు.

నేను మనుషుల పక్షం తీసుకున్నాను. వారం రోజులు కూర్చొని పద్నాలుగు పేజీలు రాశాను. యంత్రం ఎంత దూరం పోయినా మనిషి పోనంతవరకు మనం పోయినట్టు కాదని అందులో సారాంశం. మా ఆవిడ రజియాకు చదివి వినిపిస్తే మొదటి పేజీలోనే ఆపింది. "గూడెప్పాడు దాటేలోపు నాలుగు సార్లు నిమ్మకాయ వాసన చూస్తరు. మీరు చంద్రుని మీదికి మనుషుల్ని పంపుతాన్రా?" అంది. అయినా నేను రెండో పేజీ తీశాను.

ఫిబ్రవరి రెండో శనివారం ఉదయం ఏడు గంటలకు పరకాల బస్టాండుకు చేరాను. పెళ్ళిళ్ళ రోజులు. ప్లాట్‌ఫారం మీద పట్టుచీరలు, స్టీలు బిందెలు, ఒక బ్యాండు మేళం. మా వైపు బస్సులో సీటు దొరకాలంటే పద్ధతి తెలియాలి. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి దస్తీ, అంటే చేతిరుమాలు, వేయాలి. దస్తీ పడిన సీటు దస్తీ వేసినవాడిది. దాన్ని ఎవరూ ముట్టరు. ఎంత రద్దీలోనైనా ఈ న్యాయం చెల్లుతుంది.

నా దస్తీకి మాత్రం ఒక ఇబ్బంది ఉంది. దాని కొసకు రజియా నిమ్మకాయ ముడి వేసింది. అది చేతిలో లేకుండా నేను బస్సెక్కలేను. బస్సు వచ్చేసింది, జనం కదిలారు. ఇంకేం ఆలోచించకుండా చేతిలో ఉన్న పసుపుపచ్చ ఫైలును మూడో కిటికీలోంచి లోపలికి వేశాను. సరిగ్గా సీటు మధ్యలో పడింది. చదువుకునే రోజుల్లో క్రికెట్‌లో కూడా నా గురి ఇంత బాగా లేదు. ఒక్క క్షణం అక్కడే నిలబడి దాన్ని చూసి మురిసిపోయాను.

ఆ మురిసిపోవడమే కొంప ముంచింది. డోరు దగ్గరికి వచ్చేసరికి పెళ్ళివాళ్ళంతా నా ముందున్నారు. ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టేంత చోటు కూడా మిగల్లేదు. "వెనుక ఇంకో బస్సు వస్తాంది సార్, జర ఆగున్రి" అని కండక్టరు బెల్లు కొట్టాడు. 7.15కు బస్సు కదిలింది. మనుషులు వేలాడుతున్న ఆ బస్సులో, కిటికీ పక్కన, నా ఫైలు ఒక్కటే హాయిగా కూర్చొని పోతోంది.

తర్వాతి బస్సు 7.45కు. ఇందులో నిలబడే చోటు దొరికింది. ఒక చేత్తో రాడ్డు, ఒక చేత్తో నిమ్మకాయ. టికెట్లు కొట్టుకుంటూ కండక్టరమ్మ నా దగ్గరికి వచ్చేసరికి ఎనిమిదింబావు అయింది. సంగతి చెబితే ఆమె జాలిపడి ముందు బస్సుకు ఫోన్ చేసింది. "ఫైలు సీట్లనే ఉన్నదట సార్. ఎవలూ ముట్టలేదట. ఫికర్ చెయ్యకున్రి" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. హన్మకొండలో దిగి ఎటు పోవాలో దానికి తెలుసా అని పక్కనున్నాయన అడిగాడు. మనుషులే పోవాలని వాదించడానికి బయలుదేరిన నేను రాడ్డు పట్టుకొని ఊగుతున్నాను, నా వాదన మాత్రం నేను లేకుండానే ముందు పోతోంది. గూడెప్పాడు దగ్గర డ్రైవరు నా ఒక్కడి కోసం రోడ్డు పక్కకు బస్సు ఆపాల్సి వచ్చింది. వివరాలు రాయను.

9.05కు హన్మకొండ బస్టాండు. ఫైలు డిపో ఆఫీసులో అడగాలేమో అనుకుంటూ దిగాను. ప్లాట్‌ఫారం బెంచీ మీద ఒక ముసలామె కనబడింది. ఒళ్ళో నా పసుపుపచ్చ ఫైలు.

ఆమె పేరు కొమురమ్మ, పరకాల పక్క ఊరే. కంటికి పొర వచ్చిందని పెద్దదవాఖానకు పోతోంది. మోకాళ్ళు పట్టేసి బెంచీ మీంచి లేవడానికే కష్టపడుతోంది. సారు ఆగమైతాడేమోనని నా బస్సు వచ్చేదాకా కూర్చుందట. మాటల్లో అసలు సంగతి బయటపడింది. ఆమె పరకాలలోనే ఎక్కింది, నా ఫైలున్న సీటు పక్కనే నిలబడింది. దాదాపు గంటసేపు, ఆ మోకాళ్ళతో, ఖాళీ సీటు పక్కన.

"ఫైలు పక్కకు పెట్టి కూసుంటె అయిపోయేది గద అవ్వా" అన్నాను.

"ఎవలో జాగ వట్టుకున్నంక అది మనదెట్లయితది కొడుకా. ఎక్కుతడు, వస్తడని నిలవడ్డ. ఆరెపల్లి కాడ, నువ్వు ఎనక బస్సుల వస్తున్నవని కండక్టరు జెప్పినంకనే కూసున్న."

నాకు సిగ్గుతో తల తిరిగింది. ఈసారి బస్సు వల్ల కాదు. ఆమె తప్పు పట్టలేదు, అందుకే ఇంకా కష్టంగా ఉంది. అందులో ఏముందని అడిగింది. చంద్రుడి మీదికి మనుషులు పోవాలా, మిషన్లు పోవాలా అని రాసుకున్నానని చెప్పాను.

"పోయినోళ్ళకు ఆడ కూసోనీకె జాగ ఉంటదా?" అంది.

ఇడ్లీ తినిపించి, టీ తాగించాను. పొర వల్ల ఆమెకు చందమామ రెండుగా కనబడుతున్నాడట. ఆపరేషన్ అయ్యాక టెలిస్కోపులో ఒక్కటే చందమామను చూపిస్తానని మాట ఇచ్చేశాను. నా జబ్బు సంగతి ముందే చెప్పాను కదా. పద్నాలుగో పేజీ చింపి దాని వెనుక నా ఫోన్ నంబరు రాసిచ్చి, ఆమె నంబరు నా ఫోన్లో వేసుకొని, దవాఖానకు పోయే ఆటో ఎక్కించాను.

నేను ఇంకో ఆటోలో కాలేజీకి చేరేసరికి పదింబావు. పదిన్నరకు చర్చ మొదలైంది. వానలు, పంటలు, చెరువులు చెప్పే ఉపగ్రహాలు చాలు, మిగతాదంతా వేడుక అని ఒకాయన గట్టిగా చెప్పారు. ఆయన తర్వాత ధర్మసాగర్ నుంచి వచ్చిన రోజ్‌లిన్ టీచరు యంత్రాల పక్షాన మాట్లాడారు. మనిషి పోతే గాలి, నీళ్ళు, తిండి అన్నీ మోసుకుపోవాలి, అన్నిటికంటే ముఖ్యంగా వాణ్ణి ప్రాణాలతో తిరిగి తేవాలి. యంత్రం తిరిగి రాకపోయినా దాని ఇంట్లో ఎవరూ ఏడవరు. ఒక్క మనిషి ప్రయాణానికి పెట్టేదాంతో ఎన్నో దుర్భిణులు, ఎన్నో నౌకలు పోయి ఎన్నో చోట్లు చూసి రావచ్చు. ఆమె చిన్న మాటల్లో చెప్పారు, ఒక్క కాగితం లేకుండా. వింటుంటే నాకే యంత్రాలు మంచివనిపించింది.

12.10కు నా పేరు పిలిచారు. ఫైలు తెరిచాను. "మానవుడు అనాదిగా" అని మొదలవుతుంది నా మొదటి పేజీ. నోట్లోంచి రాలేదు. ఫైలు మూసి పొద్దున జరిగింది చెప్పాను. దస్తీ వేసినట్టు యంత్రాన్ని ముందు పంపి చోటు పట్టుకోవడం మంచి పద్ధతే అన్నాను. నేను ఇప్పటికీ మనుషులు పోవాలనే అంటాను, కానీ ఆ సీటు ఎవరి కోసమో ముందే అనుకోకపోతే, దాని పక్కన ఒక ముసలామె నిలబడి ఉన్న సంగతి మనకు దిగాక గానీ తెలియదు అన్నాను. కొమురమ్మ అడిగిన ప్రశ్న కూడా చెప్పాను. అంగారకుడి దాకా రాకుండానే గంట కొట్టేశారు.

మధ్యాహ్నం వెజ్ బిర్యానీ, పెరుగన్నం పెట్టారు. తిరుగు ప్రయాణం తలచుకొని నేను పెరుగన్నమే తిన్నాను. రెండున్నరకు ఫలితాలు. నా ప్రసంగం మనసుకు హత్తుకుందని, విషయం మీద మాత్రం లేదని పెద్దలు చెప్పారు. టెలిస్కోపు ధర్మసాగర్‌కు పోయింది. నాకు ఒక శాలువా, చెక్క ముక్క మీద నిలబెట్టిన జానెడు ప్లాస్టిక్ రాకెట్టు. చప్పట్లు కొట్టాను. లోపల కుళ్ళుకున్నాను కూడా.

రోజ్‌లిన్ టీచరు నా దగ్గరికి వచ్చారు. "పిల్లల్ని తీస్కొని మా ఊరికి రాండ్రి సార్. రిజర్వాయరు కట్ట మీద మంచిగ చీకటి ఉంటది. లేకుంటె నేనే ఫోటోలు తీసి మీ గ్రూపుల పెడ్త" అన్నారు. నలభై మంది పిల్లలు, రెండు బస్సులు మారడం, నేను. "ఫోటోలు పంపండి మేడం, చాలు" అన్నాను. అంటే మనుషుల కోసం పద్నాలుగు పేజీలు రాసిన మనిషి, తన వంతు వచ్చేసరికి ఒక్క నిమిషంలో యంత్రాల పక్షానికి దూకేశాడు.

సాయంత్రం 4.50 బస్సులో కిటికీ సీటు దొరికింది, ఏమీ వేయకుండానే. ఒళ్ళో రాకెట్టు, ముక్కు దగ్గర ఎండిపోయిన నిమ్మకాయ. పిల్లలకు ఏం చెప్పాలో దారంతా ఆలోచించాను. ఫోన్లో ఫోటోలు చూపిస్తే ఏమంటారో నాకు తెలుసు. బాగుంది సార్ అంటారు.

ఆరు దాటాక పరకాల వచ్చింది. బస్సు మలుపు తిరగగానే కిటికీలోంచి చూశాను. పదో తరగతి పిల్లలు పది పన్నెండు మంది, ముందు క్లాసు లీడరు శ్రావణి, వాళ్ళ నాన్న కూరగాయలమ్మే తోపుడుబండిని పట్టుకొని నిలబడి ఉన్నారు. టెలిస్కోపుకు దెబ్బ తగలకుండా బండి నిండా బొంత పరిచారు.

దిగాను. "ఏది సార్?" అంది శ్రావణి. ప్లాస్టిక్ రాకెట్టు చూపించాను. రాలేదని, ధర్మసాగర్ బడికి పోయిందని చెప్పాను. ఒకడు బొంత అంచు సర్దుతూ తల వంచుకున్నాడు.

"పర్వాలేదు సార్" అంది శ్రావణి.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. "మనమే ఆడికి పోతున్నం. నేను గూడ వస్త" అన్నాను.

వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నా సంగతి బడికంతా ఎరుకే.

"బస్సులనా సార్?"

"బస్సులనే."

ఆ మాట అన్నంతలోనే బస్టాండు ఒక చుట్టు తిరిగింది. బండి అంచు పట్టుకున్నాను. పండుకోండి సార్, బొంత ఉన్నది గద అని పిల్లలే నన్ను బండి ఎక్కించారు. పరకాల బజారు మధ్యలోంచి, టెలిస్కోపు రావాల్సిన బండిలో, ఛాతీ మీద రాకెట్టు పెట్టుకొని నేను ఇంటికి పోయాను. దుకాణాల వాళ్ళు బయటికి వచ్చి చూశారు. ఇంతకంటే మెత్తటి ప్రయాణం నా జీవితంలో చేయలేదు.

ఆ బండిలో పడుకొనే రోజ్‌లిన్ టీచరుకు ఫోన్ చేశాను. ఫోటోలు వద్దని, మేమే వస్తున్నామని చెప్పాను. ఎంతమంది అని అడిగారు.

"పిల్లలు నలభై మంది మేడం. కండ్ల ఆపరేషన్ అయినంక ఒక అవ్వ. నేను. అవ్వకు ఒక కుర్చీ ఎయ్యున్రి, నేను నిలవడ్త."